చైనా భాషలో వాల్మీకి రామాయణం: జీ షియెన్‌లిన్ ఎవరు, ఆ పని ఎలా చేశారు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఒక చైనా ప్రొఫెసరు జైల్లో ఉండి వాల్మీకి రామాయణం మొత్తాన్ని చైనీస్‌లోకి అనువదించారనీ, ఆయన గొప్ప రామభక్తుడనీ అంటున్నారు, ఇందులో నిజమెంత? ఆయనకి సంస్కృతం ఎలా వచ్చింది? అనువాదం ఏ పద్ధతిలో చేశారు?

అనువాదం ఉందన్నది నిజం. ఏడు కాండలూ ఉన్నాయి, ఇంగ్లీషు మీదుగా కాదు, నేరుగా సంస్కృతం నుంచే, అదీ పద్యంలో. చేసింది ఒక్క మనిషి: పెకింగ్ విశ్వవిద్యాలయంలో ప్రాచ్యభాషల శాఖను మొదటి రోజు నుంచీ నడిపిన జీ షియెన్‌లిన్ (1911–2009). జైల్లో చేశారన్నది తప్పు. భక్తితో చేశారన్నది ఇంకా పెద్ద తప్పు. ఆయన మొదట వ్యాకరణం చదివినవాడు, తరవాత మేష్టారు, ఆ తరవాతే అనువాదకుడు. ఈ వరసలో చూస్తే తప్ప ఆ అనువాదం ఎందుకు అలా ఉందో అర్థం కాదు. అందుకని జీవితం కూడా అదే వరసలో చెబుతాను. (చైనా పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. ఆయన ఇంటిపేరు జీ. మన పత్రికల్లో కొన్నిచోట్ల 'లిన్ గారు' అని రాస్తుంటారు, అది సరికాదు.)

1911 ఆగస్టులో షాన్‌డాంగ్ రాష్ట్రంలో, ఇప్పటి లిన్‌చింగ్ పరిధిలోని ఒక పల్లెలో, కటిక పేద రైతు ఇంట పుట్టారు. ఆరేళ్ల వయసులో జీనాన్ నగరంలోని బాబాయి తీసుకెళ్లి చదివించారు. మళ్లీ తల్లి దగ్గర ఉండే అవకాశం రాలేదు. ఆమె 1933లో పోయారు. 1930లో పెకింగ్, చింగ్హువా విశ్వవిద్యాలయాలు రెండింట్లోనూ సీటు వస్తే, విదేశీ చదువుకు దారి ఉంటుందని చింగ్హువా ఎంచుకున్నారు. చేరింది పాశ్చాత్య సాహిత్యంలో, ప్రధాన భాష జర్మన్. డిగ్రీకి రాసిన వ్యాసం జర్మన్ కవి హ్యోల్డర్లిన్ తొలి కవితల మీద. అక్కడ సంస్కృతం చెప్పేవాళ్లు లేరు. కానీ బౌద్ధ గ్రంథాల అనువాద సాహిత్యం మీద చరిత్రకారుడు చెన్ యిన్‌కే చెప్పే పాఠాలకు వెళ్లి కూర్చునేవారు. ఇండియా నుంచి వచ్చిన మాటలూ కథలూ చైనా సాహిత్యంలో ఎంత లోతుకు దిగాయో ఆ తరగతిలో తెలిసింది. 1934లో పట్టా తీసుకుని, ఒక ఏడాది జీనాన్‌లో తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే చైనీస్ పాఠాలు చెప్పారు. 1935లో విద్యార్థుల మార్పిడి పథకం కింద జర్మనీలోని గ్యోటింగెన్ చేరారు. అనుకున్నది రెండేళ్లు, ఉండిపోయింది పదేళ్లు. 1937లో జపాన్ చైనా మీద యుద్ధానికి దిగింది, 1939లో యూరప్‌లోనూ యుద్ధం మొదలైంది. ఇంటికి దారి మూసుకుపోయింది.

గ్యోటింగెన్ గురించి కాస్త విడమరచి చెప్పాలి. తరవాత ఆయన చేసిన ప్రతి పనికీ పునాది అక్కడే పడింది.

1936 వసంతంలో ఎర్న్‌స్ట్ వాల్డ్‌ష్మిట్ దగ్గర సంస్కృతం మొదలుపెట్టారు. తరగతిలో విద్యార్థి ఈయనొక్కరే. పాఠ్యపుస్తకం ష్టెంట్స్‌లర్ రాసిన ప్రాథమిక సంస్కృత వ్యాకరణం, చాలా పలచని పుస్తకం. మన దగ్గర సంస్కృతం శబ్దమంజరితో, అమరంతో మొదలవుతుంది. అర్థం తరవాత సంగతి, ముందు నోటికి రావాలి. జర్మన్ పద్ధతి దానికి పూర్తిగా తిరగబడినది. మొదటి ఒకటి రెండు తరగతుల్లో దేవనాగరి లిపి. వెంటనే అభ్యాస వాక్యాలు. సంధులు విడగొట్టడం, ధాతువు పట్టుకోవడం, విభక్తి తేల్చడం అన్నీ విద్యార్థే ఇంట్లో చేసుకుని రావాలి. తరగతిలో గురువు తప్పులు మాత్రమే దిద్దుతాడు. ఈత నేర్పాలంటే పిల్లవాణ్ని నీళ్లలోకి తోసేయడమే మార్గం అన్నట్టుగా ఉంటుంది. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, మొదటి కొన్ని నెలలు ఒక్కో వాక్యానికి గంటలు పడుతుంది, నిరుత్సాహపడినవాళ్లు అక్కడే మానేస్తారు. లాభం ఏమిటంటే, నిలబడినవాళ్లు రెండు మూడు సెమిస్టర్లు తిరిగేసరికి ఎవరి సాయమూ లేకుండా మూలగ్రంథం తెరవగలుగుతారు.

అక్కడి డాక్టరేట్ నియమం ప్రకారం ఒక ప్రధాన విషయం, రెండు ఉపవిషయాలు. ప్రధానం భారతీయ విద్య (ఇండాలజీ), ఉపవిషయాలు ఇంగ్లీషు, స్లావిక్ భాషాశాస్త్రాలు. సిద్ధాంత గ్రంథానికి తీసుకున్న అంశం మహావస్తులోని గాథల్లో క్రియారూపాలు. మహావస్తు, మహాసాంఘికులనే ప్రాచీన బౌద్ధ సంప్రదాయంలో లోకోత్తరవాద శాఖ వారి గ్రంథం; భాష అటు పాణిని సంస్కృతమూ కాదు, ఇటు ప్రాకృతమూ కాదు, మిశ్రమ సంస్కృతం. గద్యభాగాన్ని తరవాతి లేఖకులు సంస్కృతం వైపు దిద్దేశారు. గాథల్లో ఛందస్సు అడ్డం పడుతుంది కాబట్టి పాత రూపాలు మిగిలిపోయాయి. అందుకే గాథలనే పట్టుకున్నారు. ఒక్కొక్క క్రియాపదాన్నీ కార్డు మీదకెక్కించి, వర్గీకరించి, ఏ రూపం ఏ ప్రాంతపు ప్రాకృతం నుంచి వచ్చి ఉండాలో తేల్చడం ఆ పని. 1941లో డాక్టరేట్ వచ్చింది. 1944లో పదాంతంలోని 'అం' మధ్యభారతీయ భాషల్లో 'ఓ', 'ఉ'గా మారడం మీద రాసిన వ్యాసం గ్యోటింగెన్ అకాడమీ ప్రచురణల్లో వచ్చింది. బౌద్ధ గ్రంథాలు ఏ ప్రాంతంలో, ఏ కాలంలో తయారయ్యాయో చెప్పడానికి ఇలాంటి చిన్న ప్రత్యయాలనే ఆయన ఆధారం చేసుకున్నారు. అమెరికన్ పండితుడు ఎడ్జర్టన్‌తో ఈ విషయంలో అభిప్రాయభేదం చాలాకాలం నడిచింది.

1939లో వాల్డ్‌ష్మిట్‌ను సైన్యంలోకి తీసుకున్నారు. డెబ్భై దాటి పదవీ విరమణ చేసిన ఎమిల్ జీగ్ తిరిగొచ్చి పాఠం అందుకున్నారు. ఋగ్వేదం, పతంజలి మహాభాష్యం, దశకుమారచరితం చదివించి, అడగకుండానే తొఖారీ భాష కూడా నేర్పుతానని పట్టుబట్టారు. చైనాలోని షిన్‌జియాంగ్ ఇసుకలో దొరికిన చిరుగు పత్రాల భాష అది. దాన్ని చదివి తేల్చిన ఇద్దరిలో జీగ్ ఒకరు. ఆ తరగతిలో ఈయనతోపాటు బెల్జియం విద్యార్థి కువ్రూర్ ఉన్నారు. తొఖారీ పత్రాల్లో సగం పంక్తులు చిరిగి ఉంటాయి. అదే కథ చైనీస్ త్రిపిటకంలో (బౌద్ధ గ్రంథ సముదాయంలో) ఉంటే ఖాళీలు పూరించవచ్చు. చైనీస్ చదవగలిగిన సంస్కృత విద్యార్థి విలువ అక్కడే బయటపడింది. 1943లో పుణ్యవంత జాతకం అనే బౌద్ధ కథ మీద సరిగ్గా ఇలాంటి వ్యాసమే రాశారు. ఇదంతా ఆకలితో, బాంబుదాడుల మధ్య. పథకం డబ్బు ఆగిపోయాక అదే విశ్వవిద్యాలయంలో చైనీస్ బోధిస్తూ పొట్టపోసుకున్నారు.

యుద్ధం ముగిశాక స్విట్జర్లాండ్, మార్సెయ్, సైగాన్, హాంగ్‌కాంగ్ మీదుగా 1946లో చైనా చేరారు. చెన్ యిన్‌కే సిఫారసు చేశారు, హు షీ అధ్యక్షుడిగా ఉన్న పెకింగ్ విశ్వవిద్యాలయం ప్రాచ్యభాషల శాఖ పెట్టి ఈయనకు అప్పగించింది. చేరినప్పుడు అసోసియేట్ ప్రొఫెసరు, పది రోజుల్లోపే ప్రొఫెసరు, శాఖాధిపతి. మొదట్లో అధ్యాపకులు ఐదారుగురు, విద్యార్థులు అంతకంటే తక్కువ. అరబీకి ఖురాన్‌ను చైనీస్ చేసిన మా జియాన్. 1948లో సంస్కృతానికి జిన్ కెమూ వచ్చారు. 1949లో నాన్‌జింగ్‌లోని ప్రాచ్యభాషల కళాశాలను ఇందులో కలిపారు. అప్పటినుంచి హిందీ, ఉర్దూ, బర్మీస్, థాయ్, వియత్నామీస్, ఇండోనేసియన్, మంగోలియన్, జపనీస్ అన్నీ ఈ గొడుగు కిందకే వచ్చి, విశ్వవిద్యాలయంలోని పెద్ద శాఖల్లో ఒకటైంది.

ఇక్కడ ఒక మలుపు ఉంది, జీవితచరిత్రల్లో దాన్ని తొందరగా దాటేస్తారు. గ్యోటింగెన్‌లో చేసిన మిశ్రమ సంస్కృత పరిశోధన చైనాలో కొనసాగించడానికి పుస్తకాలు లేవు, పత్రికలు లేవు. ఆధునిక సంస్కృత-చైనీస్ నిఘంటువే చేతిలో లేని రోజులు. అందుకని ఉన్న వనరులతో సాధ్యమయ్యే పనులకు తిరిగారు. ఒకటి, చైనా-ఇండియా సాంస్కృతిక సంబంధాల చరిత్ర: దీనికి చైనీస్ ఆధారాలు కావలసినన్ని ఉన్నాయి. రెండోది సాహిత్య అనువాదం: మూలం ఒక్కటి చేతిలో ఉంటే చాలు. అంటే ఆయన అనువాదకుడు కావడానికి సగం కారణం లైబ్రరీలో ఖాళీ అరలు. కాలం కూడా కలిసొచ్చింది. ఇండియాతో స్నేహం వెల్లివిరిసిన ఆ రోజుల్లో 1951–52లో సాంస్కృతిక బృందంతో ఇండియా, బర్మా తిరిగారు. 1956లో ప్రపంచ శాంతి మండలి కాళిదాసు సంస్మరణకు పిలుపునిచ్చింది. అదే ఏడాది ఈయన శాకుంతలం, జిన్ కెమూ మేఘదూతం వచ్చాయి. మరుసటేడు బీజింగ్‌లో చైనా యువజన కళా నాటకశాల శాకుంతలాన్ని ప్రదర్శించింది. 1959లో పంచతంత్రం, 1962లో విక్రమోర్వశీయం.

1960లో తొలిసారి సంస్కృతం, పాళీ ప్రధాన విషయాలుగా ఐదేళ్ల కోర్సు పెట్టారు. 17 మంది విద్యార్థులు, ఇద్దరు గురువులు. ఈయన చెప్పింది మళ్లీ ఆ ష్టెంట్స్‌లర్ పుస్తకమే, తానే చైనీస్‌లోకి మార్చి, అదే గ్యోటింగెన్ పద్ధతిలో. జిన్ కెమూ దారి వేరు: ఆయన సారనాథ్‌లో, మన పండితుల దగ్గర, నోటిచదువు మార్గంలో నేర్చుకున్నవారు. సంస్కృతాన్ని శ్లోకంగా చదివే అలవాటు ఆ తరగతికి ఆయన నుంచి వచ్చింది. ఈ రెండు పద్ధతులూ ఒకే తరగతిలో కలవడం ఆ 17 మంది అదృష్టం. నా లెక్కలో జీ షియెన్‌లిన్ చేసిన అతిముఖ్యమైన పని రామాయణం కాదు, ఈ తరగతి. వాళ్లు 1965లో పట్టాలు తీసుకున్నారు. మరుసటేడే సాంస్కృతిక విప్లవం మొదలైంది.

జైలు కథ పుట్టింది ఇక్కడ. విశ్వవిద్యాలయంలో నియె యువాన్‌జ్‌ అనే విప్లవ నాయకురాలి వర్గం పెత్తనం నడుస్తుండగా ఈయన 1967లో ఎదుటివర్గంలో చేరారు. ఆ ఏడాది నవంబరులో ఇంటి మీద దాడి చేసి పుస్తకాలూ కాగితాలూ చిందరవందర చేశారు. నిద్రమాత్రలు జేబులో పెట్టుకుని చావడానికి సిద్ధమైన క్షణంలోనే తలుపు తట్టి బహిరంగ విచారణకు ఈడ్చుకెళ్లారని, అక్కడ తిన్న దెబ్బల తరవాత ఇదీ భరించగలను అనిపించి బతకాలని నిర్ణయించుకున్నానని ఆయనే రాశారు. 1968లో 'ఆవుల కొట్టం'లో పెట్టారు. అది సర్కారు జైలు కాదు. విశ్వవిద్యాలయ ఆవరణలోనే, ప్రొఫెసర్ల చేతే కట్టించి వాళ్లనే అందులో బంధించిన పాకలు. తల ఎత్తి నడవకూడదు, బస్తాలు మోయాలి, రాత్రి పేర్లు పిలిచినప్పుడు కొట్టించుకోవాలి. అక్కడ పుస్తకం చదవడానికే వీల్లేదు, అనువాదం మాట దేవుడెరుగు. ఈ అనుభవాల మీద రాసిన పుస్తకం 1998లో వచ్చింది, ఇంగ్లీషులో 2016 నుంచి దొరుకుతోంది. వ్యంగ్యం పాలు ఎక్కువ, తన మీద తానే వేసుకునే చురకలు ఇంకా ఎక్కువ. ఏడుపు పుస్తకం కాదు.

బయటికొచ్చాక పాఠాలు చెప్పనివ్వలేదు. విద్యార్థులుండే 35వ నంబరు భవనానికి కాపలా కూర్చోబెట్టారు. వచ్చిన ఉత్తరాలు పంచాలి, ఫోను మోగితే పైకి కేకేసి పిలవాలి. సొంతంగా ఏదైనా రాస్తే ప్రమాదం. పరిశోధనకు వీలు లేదు. కాలం గడవడానికి బాగా పొడుగ్గా, బాగా కష్టంగా, ఎప్పటికీ అచ్చుకాదని తెలిసిన పని ఒకటి కావాలి. అలా రామాయణం తట్టింది. ఎంపికలో ఉన్న లెక్క ఇంతే.

1973లో బరోడా ప్రాచ్యవిద్యా సంస్థ వారి పరిష్కృత ప్రతిని ఇండియా నుంచి తెప్పించమని శాఖ లైబ్రరీని అడిగారు. ఆ రోజుల్లో విదేశీ పుస్తకం రావడం కల్ల అనుకున్నారు, రెండు నెలల్లో వచ్చింది. ఈ ప్రతి ఎంపికే అనువాదం రూపాన్ని నిర్ణయించింది. దేశమంతటి లిఖితప్రతులు పోల్చి, అన్నింటిలో కుదిరే పాఠాన్నే ప్రధానంగా ఉంచి మిగతాది అధస్సూచికల్లోకీ అనుబంధాల్లోకీ నెట్టిన ప్రతి అది. మనం 24 వేల శ్లోకాలంటాం, అందులో ఉన్నవి సుమారు 18,750. మనకి ప్రాణప్రదమైన ఆదిత్యహృదయం ఆ ప్రధాన పాఠంలో లేదు. దాన్ని అనుసరించిన చైనీస్‌లోనూ కనిపించకపోతే అనువాదకుడు ఎగ్గొట్టాడనుకోవద్దు. లక్ష్మణరేఖ, ఊర్మిళ నిద్ర, శబరి ఎంగిలి పళ్లు సరే, అవి ఏ వాల్మీకి ప్రతిలోనూ లేవు.

పని జరిగిన తీరు ఇదీ. సంస్కృత పుస్తకం కాపలాగదికి పట్టుకెళ్లే ధైర్యం లేదు, ఎవరైనా చూస్తే అయిపోతుంది. ఇంట్లో మూలం చదివి, సంధులు విప్పి, అర్థాన్ని మామూలు చైనీస్ వచనంలో కాగితం ముక్కల మీద గబగబా రాసుకునేవారు. ఆ ముక్కలు జేబులో వేసుకుని కాపలాకి వెళ్లి, దారిలోనూ, గదిలో ఫోను మోగని వేళల్లోనూ దాన్ని పద్యంగా కూర్చేవారు. చూసేవాళ్లకి ముసలాయన చిత్తుకాగితం మీద ఏదో గీస్తున్నట్టుంటుంది. అంటే మొదటి విడతలో భాషాపండితుడు, రెండో విడతలో పద్యకారుడు. పరిస్థితి బలవంతం మీద వచ్చిన విభజనే అయినా అనువాదకులకు పనికొచ్చే పద్ధతి ఇది. అర్థం తేల్చడం, ప్రాస కుదర్చడం ఒకేసారి పెట్టుకుంటే ప్రాస కోసం అర్థం జారిపోతుంది.

పద్యం ఎలాంటిది అన్నది అసలు చిక్కు. అనుష్టుప్పులో పాదానికి ఎనిమిది అక్షరాలు, నాలుగు పాదాలు, అంత్యప్రాస అక్కర్లేదు. చైనీస్ చెవికి ప్రాస లేనిది పద్యమే కాదు. ప్రాచీన చైనీస్ ఛందస్సులో పెడితే పాదానికి ఐదో ఏడో అక్షరాలు; లక్ష్మణుడి పేరుకే నాలుగు అక్షరాలు పోతాయి, ఇక చెప్పేదేముంది. పూర్తి వచనం చేస్తే ఇతిహాసం నవల అయిపోతుంది. చివరికి జనం నోట ఆశువుగా దొర్లే జానపద పద్యానికి దగ్గరి రూపం తీసుకున్నారు: శ్లోకానికి నాలుగు పంక్తులు, పంక్తులు ఇంచుమించు ఒకే పొడవు, సుమారుగా ప్రాస. గుణించి చూడండి, 75 వేల పంక్తులు. వర్ణనల్లో, సంభాషణల్లో ఇది హాయిగా నడుస్తుంది. తేడా కొట్టేది జాబితాల దగ్గర. వనంలో చెట్ల పేర్లు, అస్త్రాల పేర్లు, వానర వీరుల పేర్లు వరసగా వచ్చే సర్గల్లో పంక్తి చివర పడేది పేరే కాబట్టి ప్రాస కుదరదు. కుదిర్చినా చదవడానికి చప్పగా ఉంటుంది. యుద్ధకాండలో పునరుక్తుల మీద, సాగదీత మీద ఆయన చాలా విసుక్కున్నారు, ఆ విసుగు దాచుకోలేదు కూడా. అయినా ఒక్క శ్లోకం కుదించలేదు. భక్తుడు కాదని మొదట్లో అన్నది ఇందుకే. 1979లో రామాయణం మీద రాసిన చిన్న విమర్శ గ్రంథంలో ఆయన ప్రశ్నలు ఆ కావ్యం ఏ సామాజిక దశది, ఎప్పుడు రూపుకట్టింది, భాష ఏమిటి అన్నవే. మార్క్సిస్టు పరిభాష నిండా ఉంటుంది. మన పాఠకుడికి ఆ భాగం నచ్చకపోవచ్చు, కానీ కాలనిర్ణయం, భాష గురించిన చర్చ ఇవాళ్టికీ గట్టిదే.

పేర్ల విషయంలో రెండు దారులు కలిపి వాడారు. రాముడు, సీత, హనుమంతుడు, రావణుడు ధ్వని ప్రకారం: లువోమొ, షీదువొ, హానూమాన్, లువోబోనా. కొన్ని అర్థం ప్రకారం: దశరథుడు 'పది రథాల రాజు', విశ్వామిత్రుడు 'అందరి మిత్రుడు', వాల్మీకి 'చీమలపుట్ట'. కాండల పేర్లూ అంతే. బాలకాండ 'బాల్య భాగం', కిష్కింధ 'వానరరాజ్య భాగం', సుందరకాండ 'అందమైన భాగం', ఉత్తరకాండ 'తరవాతి భాగం'. ఇది ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు, వెయ్యేళ్లకు పైగా బౌద్ధ గ్రంథాల అనువాదకులు వాడిందే.

అసలు చైనాకి రామకథ అంతకు ముందు బొత్తిగా తెలియదా అంటే, తెలుసు, ముక్కలుగా. మూడో శతాబ్దపు ఒక బౌద్ధ జాతక కథల సంకలనంలో పేర్లు లేకుండా వానరరాజు సాయంతో భార్యను తెచ్చుకున్న రాజు కథ ఉంది. ఐదో శతాబ్దపు మరో గ్రంథంలో దశరథుడి కథ ఉంది, అందులో సీతాపహరణం లేదు. ఏడో శతాబ్దంలో హుయాన్ త్సాంగ్ అనువదించిన మహావిభాష అనే బౌద్ధ గ్రంథంలో రామాయణమనే గ్రంథంలో 12 వేల శ్లోకాలున్నాయనీ, చెప్పేవి రెండే సంగతులనీ ఉంది: రావణుడు సీతను ఎత్తుకుపోవడం, రాముడు తిరిగి తెచ్చుకోవడం. 'పడమటి యాత్ర' నవలలో కోతిరాజు సున్ వుకొంగ్‌కి మూలం హనుమంతుడేనని హు షీ, కాదు చైనా నీటిదయ్యం కథలేనని రచయిత లూ షున్ వాదించారు. జీ షియెన్‌లిన్ హనుమంతుడి పక్షమే, అయితే చైనా కల్పన కూడా కలిసిందని ఒప్పుకుంటారు.

1976లో సాంస్కృతిక విప్లవం ముగిసేనాటికి అయింది ఏడింటిలో ఇంచుమించు మూడు కాండలే. ఆ తరవాత ప్రచురణ సంస్థ ముందుకొచ్చింది. బీజింగ్‌లోని ప్రజా సాహిత్య ప్రచురణాలయం 1980 నుంచి 1984 వరకూ ఎనిమిది సంపుటాలు వేసింది. విచిత్రం ఏమిటంటే, పని చేయడానికి స్వేచ్ఛ వచ్చాక తీరిక పోయింది. 1978లో శాఖాధిపతిగా తిరిగి కూర్చోబెట్టి, విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుణ్ని చేసి, దక్షిణాసియా సంస్థ కూడా నెత్తిన పెట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మీటింగులు మొదలయ్యేలోపు అనువాదం చేసుకునేవారు. చివరి కాండ ముగిసింది 1983లో. మొదలుపెట్టి పదేళ్లు.

ఆ తరవాతి పనుల్లో మన వాళ్లు పట్టించుకోవలసినది హుయాన్ త్సాంగ్ యాత్రాగ్రంథానికి ఆయన ఆధ్వర్యంలో తయారై 1985లో వచ్చిన సవ్యాఖ్యాన పరిష్కరణ. మన వేంగి, ధాన్యకటకం గురించి రాసేవాళ్లు చాలామంది ఇప్పటికీ పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు అనువాదాలనే ఉదహరిస్తారు. చైనీస్ మూలంలోని స్థలనామాల పాఠభేదాలూ, వాటి సంస్కృత రూపాలూ ఒకచోట చూడాలంటే ఈ ప్రతే దిక్కు. ఇందులో ఇంకో ముడి ఉంది. హుయాన్ త్సాంగ్ ధాన్యకటకంలో కొన్ని నెలలుండి మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. జీ షియెన్‌లిన్ డాక్టరేట్ చేసింది అదే మహాసాంఘిక శాఖ గ్రంథం మీద.

షిన్‌జియాంగ్‌లో 1974లో దొరికిన 44 తొఖారీ పత్రాలు 1980ల మొదట్లో ఈయన చేతికొచ్చాయి. నలభై ఏళ్లుగా ముట్టుకోని భాష. అవి మైత్రేయసమితి అనే బౌద్ధ నాటకమని గుర్తుపట్టి, వింటర్, పినో అనే ఇద్దరు యూరప్ పండితుల సహకారంతో 1998లో ఇంగ్లీషులో ప్రచురించారు. ఎనభై దాటాక రాసింది చక్కెర చరిత్ర. చైనా వాయవ్యంలోని తున్‌హువాంగ్ బౌద్ధ గుహల్లో దొరికిన ఒక పత్రం వెనకవైపు ఇండియా పద్ధతిలో చక్కెర వండటం రాసి ఉంది. 'శర్కర' అన్న మాట చైనీస్ లిపిలో అందులో కనిపిస్తుంది. అక్కడ పట్టుకుని, 647లో థాంగ్ చక్రవర్తి ఆ విద్య కోసం మగధకు మనుషుల్ని పంపడం దగ్గర్నుంచి, మింగ్ కాలంలో తెల్లచక్కెర తిరిగి ఇండియాకి వచ్చి ఉత్తరాదిన 'చీనీ' అనిపించుకోవడం వరకూ తవ్వారు. కంప్యూటర్ వెతుకులాట లేని పని. రోజూ లైబ్రరీకి వెళ్లి ప్రాచీన గ్రంథాలు పేజీ పేజీ తిప్పుతూ దాదాపు రెండేళ్లు గడిపారు.

ఇండియాకి మళ్లీ 1978లో వచ్చారు. ఆ యాత్ర మీద 1980లో వచ్చిన వ్యాససంపుటిలో హైదరాబాద్ మీద విడిగా ఒక వ్యాసం ఉంది. తెలుగులోకి ఎవరైనా తెస్తే బాగుంటుంది. 2008లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఈ పురస్కారం అందుకున్న తొలి చైనీయుడు ఆయనే. ఆయన ఆస్పత్రిలో ఉంటే విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ అక్కడికే వెళ్లి అందజేశారు. దానికి ముందే 2007లో అచ్చయిన పుస్తకంలో తనకు తగిలించిన 'జాతీయ విద్యా మహాచార్యుడు', 'విద్యారంగ శిఖరం', 'జాతి సంపద' అనే మూడు బిరుదులూ తీసేయమని కోరారు. అది వట్టి వినయం కాదనుకుంటాను. చైనా ప్రాచీన శాస్త్రాల్లో తాను నిపుణుణ్ని కాననీ, తన రంగం వేరనీ లెక్కగానే చెప్పారు. 2009 జూలై 11న బీజింగ్‌లో కన్నుమూశారు.

1960 తరగతి సంగతి పూర్తిచేయాలి. ఆ 17 మందిలో జావో గువొహువా మహాభారతం మొదలుపెట్టి 1991లో అర్ధాంతరంగా పోయారు. సహాధ్యాయి హువాంగ్ బావోషెంగ్ బృందాన్ని కూడగట్టి పూర్తిచేశారు. 2005లో ఆరు సంపుటాలుగా వచ్చింది. అది వచనం. గురువు రామాయణానికి ఎంచుకున్న పద్యమార్గాన్ని శిష్యులు లక్ష శ్లోకాల గ్రంథానికి వాడలేదు, సరైన నిర్ణయమే. హువాంగ్ బావోషెంగ్‌కు 2015లో పద్మశ్రీ వచ్చింది.

చైనీస్ వచ్చి, ఆ రామాయణాన్ని మన ప్రతితో పోల్చి చూడాలనుకునేవారికి ఒక హెచ్చరిక. గీతాప్రెస్ సర్గసంఖ్యతో వెతికితే శ్లోకం దొరకదు. బరోడా ప్రతిలో బాలకాండ 76, అయోధ్య 111, అరణ్య 71, కిష్కింధ 66, సుందర 66, యుద్ధ 116, ఉత్తర 100, మొత్తం 606 సర్గలు. సుందరకాండలో మన 68 సర్గలు అక్కడ 66 కాబట్టి తేడా తక్కువ; మొదటిసారి పోల్చేవాళ్లు అక్కణ్నుంచి మొదలుపెట్టడం తేలిక. యుద్ధకాండ దగ్గర మాత్రం బరోడా సంస్కృత ప్రతి పక్కన పెట్టుకోకుండా దిగకండి.